నాలెడ్జ్ రోల్ మీద అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో మేం ఆదివారాలు టేబుల్ చుట్టూ కూర్చుని, పాత్రలుగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే ఆట (రోల్‌ప్లేయింగ్ గేమ్) ఆడతాం. కథ నడిపించేవాడు గేమ్ మాస్టర్, పాత్రలాడేవాళ్లు ప్లేయర్లు. పాత్రకి ఒక సంగతి తెలుసో లేదో డైస్ వేసి తేల్చడమే నాలెడ్జ్ రోల్. మా టేబుల్‌కి వచ్చే కొత్త గేమ్ మాస్టర్లు అందరూ అడిగేది ఒక్కటే: "అన్నా, లోకం సంగతులు ప్లేయర్లని చెప్పనిస్తే కథ చెయ్యి దాటిపోదా?"

అపోహ: కథలోని లోకం గేమ్ మాస్టర్‌ది, నాలెడ్జ్ స్కిల్ ప్లేయర్‌కి పెట్టే పరీక్ష.

ఎన్ని ఆటలు దీనివల్ల చచ్చిపోయాయో! డీసీ (గెలవడానికి కావాల్సిన కనీస అంకె) 15 పెడతారు, డైస్ మీద 6 పడుతుంది, "నీకు తెలీదు" అంటారు. ఆట అక్కడే ఆగిపోతుంది. నేనూ రెండేళ్లు అలాగే నడిపాను. ముమ్మిడివరం వైపు లంక నుంచి వచ్చే కుర్రాడొకడు మూడు వారాలు నోరు విప్పలేదు. వాడి పాత్ర పడవ సరంగు. కథలో గోదారి పొంగబోతోంది. నాలుగో వారం నేను చెప్పడం మానేసి అడిగాను: "సరంగూ, వరదొస్తోందని మీవాళ్లకి ముందెలా తెలుస్తుంది?"

"ఎర్రనీరు దిగుద్దన్నా. చీమలు గుడ్లట్టుకుని గట్టెక్కేస్తాయి. మా తాతయితే నీటి అంచున పుల్ల గుచ్చేవోడు. తెల్లారేసరికి పుల్ల మునిగితే సామాను సర్దెయ్యమనేవోడు."

అప్పుడు డైస్ వేయించాను. రోల్ పోయింది. అయినా వాడన్నది కొట్టెయ్యలేదు. పుల్ల ఉంది, తెల్లారినా మునగలేదు. రాత్రికి రాత్రి ఎవరో పీకి, ఎత్తులో గుచ్చారు! ఊరు కదల్లేదు. తర్వాత రెండు వారాల ఆట ఆ పుల్ల చుట్టూనే.

బర్నింగ్ వీల్ (2002) అనే ఇలాంటి ఆటలో 'వైజెస్' అనే స్కిల్స్ ఉన్నది ఇందుకే: ప్లేయర్ ఒక సంగతి చెప్తాడు, రోల్ గెలిస్తే లోకంలో అది నిజం. డంజన్ వరల్డ్ (2012) అనే ఇంకో ఆటలో 'స్పౌట్ లోర్' అనే నాలెడ్జ్ రోల్ ఉంది. అందులో సంగతి చెప్పేది గేమ్ మాస్టరే, కానీ "ఇది నీకెలా తెలుసు?" అని ప్లేయర్‌ని అడగొచ్చు. మీరు ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అయినా ఆ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి.

అపోహ: నాలెడ్జ్ రోల్స్ మంత్రగాళ్ల, పండితుల పాత్రలకే. సరంగుని చూశారుగా.

అపోహ: డైస్ ఉంది కాబట్టి జూదం. పైసా పందెం లేదు. సంక్రాంతికి బరి దగ్గర డబ్బు కాసొచ్చినవాళ్లు కూడా ఈ మాటంటే ఒళ్లు మండుతుంది.

ఇక భయపడేవాళ్లకి. మొదటిసారి నడిపేటప్పుడు నా చేతులూ వణికాయి, ఆ బెంగ తెలుసు. టేబుల్ మీద ముందే ఖాయమైనదాన్ని ఎవరినీ మార్చనివ్వకండి. మీరు దాచుకున్న రహస్యం మీదే. ప్లేయర్ "రేవులో పంటు ఉంది" అంటే ఉండనివ్వండి. "పంటు నిండా మా సైన్యం" అంటే "ఎవరు పంపారు? బదులుగా ఏం అడిగారు?" అని తిరిగి అడగండి. మీరు ఇంకా అనుకోనిది ఏదైనా ఉంటే మాత్రం వాళ్లకే వదిలెయ్యండి. పుల్ల ఎవరు మార్చారో నేను అనుకోలేదు. అదీ ఆ కుర్రాణ్నే అడిగాను.

"అరటితోట ఆసామి అన్నా. గెలలు కొట్టేదాకా కూలోళ్లు కదలకూడదుగా."