కరోనా రోగులపై తొలి పరిశోధనలు: 41 మందితో మొదలైన లెక్క

కోవిడ్ అనగానే చాలామందికి నేటికీ ముందుగా గుర్తుకొచ్చేవి జ్వరం, పొడి దగ్గు, ఆయాసం. ఈ లక్షణాల వరుస మన మనసుల్లో స్థిరపడటానికి 2020 జనవరి 24న లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన ఒక పరిశోధన పత్రం ప్రధాన కారణం. చైనాలోని వుహాన్‌లో అంతుచిక్కని న్యుమోనియా సోకినవారు 27 మంది ఉన్నారని అక్కడి ఆరోగ్య అధికారులు 2019 డిసెంబర్ 31న ప్రకటించారు. ఆ తర్వాత నగరంలోని జిన్‌యిన్‌టాన్ ఆస్పత్రిలో చేర్చిన రోగుల్లో కొత్త వైరస్ నిర్ధారణ అయిన 41 మంది వివరాలను వైద్యులు ఆ పత్రంలో పొందుపరిచారు. వారిలో 40 మందికి జ్వరం, 31 మందికి దగ్గు ఉన్నాయి, సగానికి పైగా రోగులు ఆయాసపడ్డారు. 13 మందిని ఐసీయూకు తరలించాల్సి వచ్చింది, ఆరుగురు మరణించారు.

కొద్ది వారాల వ్యవధిలో, రోగుల తాకిడి నడుమ రాసిన ఆ పత్రంలో చెక్కుచెదరని పరిశీలనలు చాలా ఉన్నాయి. లక్షణాలు మొదలయ్యాక సగటున ఎనిమిదో రోజుకు ఆయాసం వస్తున్నట్లు వైద్యులు గమనించారు. 26 మంది రక్తంలో లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఐసీయూలో ఉన్నవారిలో వాపును ప్రేరేపించే సైటోకైన్లనే ప్రొటీన్లు మిగతావారిలో కంటే ఎక్కువగా కనిపించాయి. వైరస్ చేసే హాని ఒకటైతే, దానిని ఎదుర్కొనే క్రమంలో శరీరం తనకు తాను చేసుకునే హాని మరొకటి అన్న అనుమానానికి అక్కడే బీజం పడింది.

అయితే 41 మందిలో ఆరుగురు, అంటే దాదాపు 15 శాతం, అన్న లెక్క ఎవరి గురించినదో గమనించాలి. అది అప్పటికే ఆస్పత్రి మంచం మీద ఉన్నవారి లెక్క. అనుమానిత కేసుగా నమోదు కావాలంటే జ్వరం ఉండాలని, ఛాతీ ఎక్స్-రేలో న్యుమోనియా ఆనవాళ్లు కనిపించాలని తొలినాళ్ల నిర్వచనం కోరింది. జ్వరం ఉన్నవారినే వెతికినప్పుడు దొరికినవారిలో దాదాపు అందరికీ జ్వరం ఉండటంలో వింత లేదు. ఆ వైద్యులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, అంత ఒత్తిడిలో అంత శ్రద్ధగా వివరాలు నమోదు చేయడం సామాన్యమైన పని కాదు. కానీ ఆ అంకెలు లోకమంతా తిరిగినప్పుడు అవి ఎవరివన్న సంగతి వెనకబడిపోయింది.

అదే రోజు, అదే పత్రికలో వచ్చిన మరో పత్రం ఈ లోపాన్ని పూరించగలిగేది. షెన్‌జెన్ నగరానికి చెందిన ఒక కుటుంబంలో ఆరుగురు వుహాన్ వెళ్లి వచ్చారు. వారిలో ఐదుగురికి వైరస్ సోకింది, ప్రయాణమే చేయని మరో కుటుంబ సభ్యురాలికీ అంటింది. అంటే మనిషి నుంచి మనిషికి వ్యాపించినట్లే. వారిలో ఎవరూ వుహాన్‌లోని జంతు మార్కెట్‌కు వెళ్లలేదు. సోకినవారిలో పదేళ్ల బాలుడు ఒకడున్నాడు. వాడికి జ్వరం లేదు, దగ్గు లేదు, ఏ బాధా లేదు. కలతచెందిన తల్లిదండ్రులు పట్టుబట్టడంతో సీటీ స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో మంచు పట్టిన గాజులాంటి మచ్చలు బయటపడ్డాయి. తల్లిదండ్రులు అడగకపోయి ఉంటే ఆ స్కాన్ తీసేవారే కాదు. లక్షణాలు లేనివారిలోనూ ఈ వ్యాధి ఉండగలదన్న సంగతి తొలిరోజుల్లోనే అచ్చులోకి రావడానికి ఆ పట్టుదలే కారణం.

ఆ ఆధారానికి తగినంత ప్రాధాన్యం దక్కకపోవడానికి పాత అనుభవమూ కొంత కారణం. 1960ల్లో బ్రిటన్‌లోని సాలిస్‌బరీలో జలుబుపై పరిశోధించే కేంద్రంలో డేవిడ్ టైరెల్ బృందం ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ముక్కుల్లో వైరస్ ద్రవం వేసి పరిశీలించేది. అప్పట్లో మనుషుల్లో గుర్తించిన కరోనా వైరస్‌లు జలుబును మించిన హాని చేసేవి కావని తేలడంతో వైద్యరంగం వాటిపై పెద్దగా దృష్టి పెట్టలేదు. 2003లో మరో కరోనా వైరస్ వల్ల వచ్చిన సార్స్ వ్యాధి 774 మందిని బలిగొని ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. సార్స్ రోగుల్లో వైరస్ పరిమాణం రెండో వారం నాటికి గరిష్ఠానికి చేరేది కనుక, జబ్బుపడినవారిని గుర్తించి విడిగా ఉంచడం ద్వారా దానిని అరికట్టగలిగారు. కొత్త వైరస్ కూడా అలాగే నడుచుకుంటుందని చాలామంది ఆశించారు. అది అలా నడుచుకోలేదు. జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలో స్వల్ప లక్షణాలున్న తొమ్మిది మందిని రోజూ పరీక్షించినప్పుడు, తొలి వారంలోనే గొంతులో వైరస్ విపరీతంగా ఉన్నట్లు తేలింది.

ఫిబ్రవరి 28న వెలువడిన మరో పత్రంతో పరిశీలన చైనాలోని 552 ఆస్పత్రుల్లో ఉన్న 1,099 మందికి విస్తరించింది. ఆస్పత్రిలో చేరే సమయానికి వారిలో 43.8 శాతం మందికే జ్వరం ఉంది, తర్వాత అది 88.7 శాతానికి చేరింది. జ్వరం లేదని ఎవరినీ వదిలేయకూడదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు. మరణాలు 1.4 శాతం అని అందులో ఉంది, కానీ లెక్క ముగించేనాటికి వెయ్యి మందికి పైగా ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు. 15 శాతం ఎంత అసంపూర్ణమో ఇదీ అంతే అసంపూర్ణం.

చికిత్స విషయంలో ఇదే చిక్కు మరింత ప్రమాదకరంగా పరిణమించింది. మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందుపై ఒక చిన్న అధ్యయనం వచ్చింది. మందు తీసుకున్న 26 మందిలో ఆరుగురిని తుది లెక్కలోంచి తీసేశారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకు వెళ్లారు, ఒకరు మరణించారు, ఒకరు ఆస్పత్రి విడిచి వెళ్లారు, ఒకరు వికారం వల్ల మందు మానేశారు. మందు వాడుతూ పరిస్థితి విషమించినవారిని పక్కనపెట్టి మిగిలినవారిని లెక్కిస్తే ఏ మందైనా మంచిదిగానే కనిపిస్తుంది. ఆ పత్రాన్ని పత్రిక ఉపసంహరించుకోవడానికి 2024 డిసెంబర్ వరకు పట్టింది, ఈలోగా ఆ మాత్రల కోసం లోకం ఎగబడింది.

సరైన దారి ఏదో అప్పటికే తెలుసు. జిన్‌యిన్‌టాన్ వైద్యులే జనవరిలో 199 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి లోపినావిర్–రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందుల జంట ఇచ్చి చూశారు. మెరుగుదల కనిపించలేదని దాపరికం లేకుండా ప్రకటించారు. బ్రిటన్‌లో మార్చిలో మొదలైన ‘రికవరీ’ అనే అధ్యయనం ఇదే పద్ధతిని 170కి పైగా ఆస్పత్రులకు విస్తరించింది. స్టెరాయిడ్లు మామూలుగా వాడవద్దని అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించి ఉంది. రికవరీలో 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, మామూలు చికిత్స పొందిన 4,321 మందితో పోల్చారు. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గినట్లు జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదు. లక్షణాలు మొదలై వారం దాటిన తర్వాత మందు అందుకున్నవారిలోనే ప్రయోజనం స్పష్టంగా కనిపించింది. తొలి 41 మందిలో ఆయాసం మొదలైందని వుహాన్ వైద్యులు నమోదు చేసినది కూడా ఆ రోజుల్లోనే.