గడ్డిమందు విరిగాక బావిలో మిగిలేది

మహారాష్ట్రలోని కిన్వట్, రాజుర, సిరొంచ వైపు తెలుగు రైతులు పత్తికీ మక్కకూ కూలీలు దొరక్క గడ్డిమందు కొడుతున్నారు. ఆ చేల మధ్యే తాగునీటి బావులూ బోర్లూ ఉన్నాయి. నీళ్లు పరీక్షకిస్తే ‘మందు లేదు’ అని రిపోర్టు రావచ్చు. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో అమెరికాలో అలాక్లోర్ అనే గడ్డిమందు విషయంలో తేలింది.

అది తేలింది యాంటీబాడీలతో, అంటే ఒక పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లతో, మందును కొలిచే పద్ధతి వల్ల. ఆ పద్ధతి వైద్యం నుంచి వచ్చింది. రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ 1950ల చివర్లో రేడియోధార్మిక పదార్థం సాయంతో రక్తంలో ఇన్సులిన్‌ను ఇలాగే కొలిచారు. 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ఆ రేడియోధార్మిక పదార్థం బదులు ఎంజైమ్ వాడి ఎలైజా అనే పరీక్ష తెచ్చారు. ఆసుపత్రుల్లో హెచ్ఐవీకి, డెంగీకి చేసే ఎలైజా అదే. 1980లలో దాన్ని పురుగుమందులకూ మలిచారు. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది.

గడ్డిమందు అణువు మరీ చిన్నది. పరీక్షకు కావలసిన యాంటీబాడీలను కుందేలు ఒంట్లో పుట్టిస్తారు. మందును ఒక్కదాన్నే ఎక్కిస్తే అవి పుట్టవు, ప్రోటీన్‌కు అతికించి ఎక్కించాలి. అలాక్లోర్‌ను అతికించింది క్లోరిన్ ఉండే చోట, గంధకం ద్వారా. నేలలో అలాక్లోర్ విరిగేటప్పుడు కూడా సరిగ్గా అక్కడే క్లోరిన్ పోయి గంధకం ఉన్న ఆమ్లం చేరుతుంది. దాని పేరు అలాక్లోర్ ఈఎస్ఏ. యాంటీబాడీకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

1990ల మొదట్లో కొన్ని బావుల నీళ్లలో అలాక్లోర్ ఉందని ఎలైజా కిట్ చెప్పింది, పదార్థాలను ఆవిరి చేసి గుర్తుపట్టే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం లేదంది. తప్పు కిట్‌దేననిపించింది. తీరా చూస్తే నీళ్లలో నిజంగానే ఈఎస్ఏ ఉంది. అది ఆవిరి కాదు కాబట్టి ఆ యంత్రానికి చిక్కలేదు. నీళ్లలో బాగా కరుగుతుంది, మట్టిని పెద్దగా పట్టుకోదు కాబట్టి భూగర్భజలంలోకి సులువుగా దిగిపోయింది. తర్వాత అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు రెండింటినీ ముందే విడదీసి, అదే ఎలైజాతో ఈఎస్ఏను వేరుగా కొలిచారు. కిట్ ‘తప్పు’ అనుకున్నదే ఈ సంగతిని బయటపెట్టిందని నాకనిపిస్తుంది.

మన దేశంలో అలాక్లోర్‌పై 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధం ఉంది. మక్కలో కొట్టే అట్రజిన్ మాత్రం నడుస్తోంది. అదీ విరిగి డీఈథైల్ అట్రజిన్, హైడ్రాక్సీ అట్రజిన్ వంటివి అవుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 అట్రజిన్‌కు లీటరుకు 2 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది గానీ వీటి పేర్లు అందులో లేవు. అదే ప్రమాణం డీడీటీ అనే పురుగుమందును మాత్రం, అది విరిగితే వచ్చే డీడీఈ, డీడీడీలతో కలిపి లెక్కిస్తుంది. గడ్డిమందులకూ ఆ లెక్క రావాలి. అప్పటిదాకా రిపోర్టు చేతికొచ్చిన రైతు, ఏయే పదార్థాల కోసం వెతికారని ల్యాబును అడగాలి.