పిల్లలు నచ్చిందే చదవాలా? ఒక లెక్కల మాస్టారి అపోహలు - వాస్తవాలు

హైస్కూల్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి 19 ఏళ్లయింది. పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడు పెట్టినా ఈ గొడవ ఏదో రూపంలో వస్తుంది, "వాడికి నచ్చింది చదవనివ్వండి సార్" అనేవాళ్లు కొందరు, "నాలుగు తగిలించండి, అదే చదువుతాడు" అనేవాళ్లు కొందరు. విన్నవి, నేను కూడా కొన్నాళ్లు నమ్మినవి రాస్తున్నా.

అపోహ: నీ ఇష్టం అంటే చాలు, పిల్లలు ఎగిరి గంతేస్తారు.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద ఆరు లెక్కలు రాసి, మీకు నచ్చినవి ఏవైనా మూడు చెయ్యండ్రా అన్నా. క్లాసంతా సైలెంట్. కాసేపటికి వెనక బెంచీ నుంచి "ఏ మూడు సార్?" అని. ఏవైనా అన్నా కదరా అంటే "అదే సార్, ఏవి?" అని మళ్లీ. చివరికి దాదాపు అందరూ మొదటి మూడే చేశారు, అదీ క్లాస్ లీడర్ అవి చేస్తోందని చూసి. ఇన్నేళ్లూ మార్జిన్ ఎక్కడ కొట్టాలో కూడా మనమే చెప్పి ఇప్పుడు ఉన్నట్టుండి నీ ఇష్టం అంటే ఇందులో ఏదో మెలిక ఉందనే కదా చూస్తారు. ప్రతి శనివారం అలాగే ఇస్తూ పోయా. దసరా సెలవులయ్యాక ఒకడు లేచి "సార్, నేను ఆరోదొక్కటే చేస్తా, టైం పట్టేలా ఉంది" అన్నాడు. నాలుగు నెలలు పట్టింది ఆ ఒక్క మాటకి.

అపోహ: ఫలానా బళ్లో పిల్లలు ఏది పడితే అది చదువుతారట, మన దగ్గరే ఈ నిర్బంధం.

వాస్తవం: టోక్యోలో రైలుపెట్టెల్లో నడిచిన టొమోయె బడి గురించి మన టీచర్లు చాలామంది చదివే ఉంటారు. అక్కడ ఆ రోజు చెయ్యాల్సినవన్నీ పొద్దున్నే బోర్డు మీద రాసేవారు, ఏది ముందు అన్నది పిల్లల ఇష్టం. వరస మాత్రమే వాళ్లది, పని మొత్తం చెయ్యాల్సిందే. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే బళ్లలో ఇది తిరగేసి ఉంటుంది, నిచ్చెన లాంటి చార్టులో పిల్ల తన మెట్టు చూసుకుని ఆ కార్డు తెచ్చుకుని కూర్చుంటుంది, వేగం తనది, మెట్ల వరస మాత్రం ముందే వేసి ఉంటుంది. అసలు క్లాసుకి రావాలా వద్దా అన్నది కూడా పిల్లలకే వదిలేసింది సమ్మర్‌హిల్ అనే బడి, ఎ.ఎస్. నీల్ అనే టీచర్ 1921లో మొదలుపెట్టాడు, 1927 నుంచి ఇంగ్లండ్‌లో సఫోక్‌లో నడుస్తోంది. అక్కడ కూడా టైంటేబుల్ ఉంటుంది, పిల్లలు వచ్చినా రాకపోయినా టీచర్ క్లాసులో ఉండాలి. మూడూ మూడు రకాల స్వేచ్ఛలు, మనం మూడింటినీ ఒకే గాటన కట్టి వాదించుకుంటున్నాం. నావరకు వరస, వేగం రేపటి నుంచే ఇవ్వొచ్చు, మూడోది నా 40 మంది సెక్షన్లో పెట్టే ధైర్యం నాకు లేదు.

అపోహ: ఫారిన్‌లో అయితే లెక్కలు మానెయ్యొచ్చు.

వాస్తవం: ఇంగ్లండ్‌లో 14 ఏళ్లప్పుడు ఆప్షన్స్ ఇస్తారు గానీ ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ 16 దాకా తప్పవు. లెక్కలు లేకుండా పదో తరగతి పాసయ్యే దారి మన దేశంలోనే ఉంది, ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో కనీసం ఒక లాంగ్వేజ్ పెట్టుకుని మొత్తం ఐదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, పెయింటింగ్, హోమ్ సైన్స్, డేటా ఎంట్రీ కూడా ఉంటాయి. కాకపోతే తర్వాత పాలిటెక్నిక్‌కి పాలీసెట్ ఎంట్రన్స్ రాయాలంటే పదిలో లెక్కలు అడుగుతారు, ఈ సంగతి పిల్లాడికి ముందే చెప్పాలి.

అపోహ: ఇష్టం లేదన్నాడంటే ఇష్టం లేనట్టే.

వాస్తవం: "నాకు లెక్కలు ఇష్టం లేదు" అన్నవాడికి 4003 లోంచి 1568 తియ్యమని ఇచ్చి చూడండి. చాలామంది ఆ రెండు సున్నాల దగ్గర అప్పు తెచ్చుకోలేక ఆగిపోతారు, అది ప్రైమరీలో ఉండిపోయిన ముల్లు. అది తీసేశాక కూడా ఇష్టం లేదంటే అప్పుడు ఒప్పుకుంటా.

అపోహ: ఇంటర్ గ్రూప్ పిల్లలే సెలెక్ట్ చేసుకుంటున్నారు.

వాస్తవం: పదో తరగతి దాకా కామర్స్ పుస్తకం మొహం చూడని పిల్ల ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ), సీఈసీల్లో (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) ఏం సెలెక్ట్ చేసుకుంటుందండీ. 2020 జాతీయ విద్యా విధానంలో ఆర్ట్స్‌కీ సైన్స్‌కీ మధ్య గట్టి గోడలు ఉండకూడదని రాశారు, బాగుంది, ఊళ్లో ఉన్న జూనియర్ కాలేజీలో ఏ లెక్చరర్లు ఉంటే అవే గ్రూపులు. అందుకని సంక్రాంతి తర్వాత పాత ఇంటర్ పుస్తకాలు, సివిక్స్, జువాలజీ, కామర్స్, దొరికినవన్నీ తెచ్చి క్లాసులో బల్ల మీద పడేస్తా, లంచ్‌లో ఎవరికి కావాలంటే వాళ్లు తిరగేస్తారు.

పోయినేడు ఒకమ్మాయి కామర్స్ పుస్తకంలో చిట్టా, ఆవర్జా, అంటే వ్యాపారం జమాఖర్చులు రాసే పుస్తకాలు, ఉన్న చాప్టర్ దగ్గర ఆగిపోయింది. "ఇవీ లెక్కలే కదా సార్, మరి ఎక్స్ లేదేంటి?" అంది. ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లింది. మూడో రోజు వాళ్ల నాన్న వచ్చాడు, గొడవకేమో అనుకున్నా. కూర్చుని, డిసెంబర్లోనే ఎంపీసీకి అడ్వాన్స్ కట్టేశామండీ, ఇప్పుడు సీఈసీ అంటోంది, అది వెనక్కిస్తారంటారా మాస్టారూ అని అడిగాడు.

ఇవ్వరు. అదే చెప్పా.