మాత్ర పనిచేసే గంటలు: ఏడీహెచ్‌డీ మందులు, బడి గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: అల్లరి పిల్లాడికి మందులెందుకు? నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

అల్లరికి ఎవరూ మందు రాయరు. వయసుకు మించిన నిలకడలేమి, మరుపు, తొందరపాటు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా ఇంట్లోనూ బడిలోనూ చదువుకు, స్నేహాలకు అడ్డుపడుతుంటేనే ఏడీహెచ్‌డీ అంటాం. ఒక్క లెక్కల పీరియడ్‌లోనే ఇబ్బంది ఉంటే ముందు చూపు, వినికిడి, నిద్ర, లెక్కల్లో పునాది చూడాలి. గొడవ చేయకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునే ఆడపిల్లల్లో ఇది ఏళ్ల తరబడి బయటపడదు. ఇక కొట్టడమంటారా, బడిలో దాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. దెబ్బలతో పెరిగేది భయమే, ఏకాగ్రత కాదు.

ఆరేళ్లలోపు పిల్లలకు ముందు చేయాల్సింది తల్లిదండ్రులకు శిక్షణ. మందుల ఆలోచన సాధారణంగా ఆ తర్వాతే.

అపోహ: అది మత్తుమందు, అలవాటైపోతుంది.

ఈ భయం చాలాసార్లు మందుల షాపులోనే పుడుతుంది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి కట్టడి ఉన్న జాబితాలోది. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, ఒకటి షాపువాళ్లు 2 ఏళ్లు దాచాలి. దుర్వినియోగం కాకూడదనే ఈ కట్టడి. డాక్టరు చెప్పిన మోతాదులో నోటి ద్వారా వాడే పిల్లలు సాధారణంగా దానికి బానిసలవరు. అయితే అన్ని షాపుల్లో దొరకదు కాబట్టి ఇంకా 10 రోజుల మాత్రలు ఉండగానే వెతకడం మొదలుపెట్టండి. మందు తాళంలో ఉండాలి, రోజూ పెద్దవాళ్లే చేతికివ్వాలి. హాస్టల్లో ఉంటే పిల్లాడి పెట్టెలో కాకుండా, చీటీ కాపీతో సహా వార్డెన్ దగ్గర ఉంచాలి.

అపోహ: మందు వేస్తే బొమ్మలా అయిపోతాడు. లేదంటే, "వారమైనా ఏ మార్పూ లేదు".

ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మోతాదు ఎక్కువైందేమో, మందు సరిపడలేదేమో చూడాలి. అది మందు ఫలితమని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి. మామూలు మిథైల్‌ఫెనిడేట్‌ను సాధారణంగా 5 మిల్లీగ్రాములతో రోజుకు ఒకటి రెండుసార్లు మొదలుపెట్టి, వారం వారం గమనిస్తూ పెంచుతారు. అరగంటకు అటూఇటూగా పని మొదలై 4 గంటలకు తగ్గిపోతుంది. పొద్దున 7:30కి వేసింది 11:30కే అయిపోతే, భోజనం తర్వాతి లెక్కల పీరియడ్‌లో పిల్లాడికి మందే లేనట్టు. అందుకే మందు పనిచేయడం లేదని తేల్చే ముందు టైంటేబుల్ పక్కన మాత్ర వేసిన టైము రాసి చూడండి. ఎక్కువసేపు పనిచేసే రకాలు 8 నుంచి 12 గంటలు ఉంటాయి. ఆ మాత్రను నలపకూడదు, కొరకకూడదు. ఒక రకంలో ఖాళీ పెంకు మలంలో కనిపిస్తుంది, కంగారక్కర్లేదు. సాయంత్రం మందు దిగే వేళ గంటసేపు చిరాకు పడొచ్చు. ఆ గంటలో హోంవర్క్ పెట్టకండి. రాత్రి స్టడీ అవర్ కోసం సాయంత్రం ఇంకో మాత్ర మీరే వేస్తే నిద్ర పట్టదు, మర్నాటి బడీ పాడవుతుంది.

ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు ఎటోమాక్సెటీన్ లెక్క వేరు. ఫలితం తెలియడానికి 4 నుంచి 6 వారాలైనా పడుతుంది. పదో రోజున ఆపేసి "పనిచేయలేదు" అనుకునేది ఎక్కువగా దీని విషయంలోనే. క్యాప్సూల్ విప్పకండి, పొడి కంట్లో పడితే మండుతుంది. కళ్లు పచ్చబడినా, "చచ్చిపోతాను" లాంటి మాటలు వచ్చినా వెంటనే డాక్టరును కలవండి.

ఆకలి తగ్గడం మాత్రం నిజం, క్యారియర్ నిండుగా తిరిగొస్తుంది. తిట్టి తినిపించొద్దు. మాత్రకు ముందే ఇడ్లీ, గుడ్డు లాంటి గట్టి టిఫిన్, మందు దిగాక పెరుగన్నం, పల్లీలు, అరటిపండు పెట్టండి. పదేళ్లలోపు వాళ్లకు 3 నెలలకోసారి బరువు, అందరికీ 6 నెలలకోసారి ఎత్తు, నాడి, బీపీ చూసి కాగితం మీద రాయించండి. ఎత్తు పెరగడం కాస్త మందగించవచ్చు, అది ఈ లెక్కల్లోనే ముందుగా తెలుస్తుంది. పిల్లాడు ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయినా మందు మొదలుపెట్టకముందే చెప్పాలి.

అపోహ: మందు వేస్తున్నాం కదా, మార్కులవే వస్తాయి.

మందు కూర్చోబెడుతుంది. రెండో తరగతిలో తప్పిపోయిన గుణింతాలను మందు నేర్పదు. ఈ పిల్లల్లో చాలామందికి చదవడంలో, రాయడంలో, లెక్కల్లో విడిగా అభ్యసన వైకల్యం ఉంటుంది. దానికి పరీక్ష వేరు, బోధన వేరు. మాత్ర పనిచేసే గంటల్లోనే ఆ బోధన జరగాలి.

టీచర్‌ను "కొంచెం చూసుకోండి" అని అడిగితే ఏమీ జరగదు. ఇలా అడగండి: ముందు వరుసలో, తలుపుకూ కిటికీకీ దూరంగా సీటు. ఒకసారి ఒకే సూచన. బోర్డు మీద పది లెక్కలుంటే ఐదు. ఆటల పీరియడ్ మాత్రం తీసేయొద్దు. రోజూ ఒక కార్డు, అందులో రెండు మూడు లక్ష్యాలే: "చెయ్యెత్తి మాట్లాడాడు", "డైరీ రాసుకున్నాడు". పీరియడ్‌కో టిక్, అదే సాయంత్రం చిన్న బహుమతి. నెలాఖరున కొనిచ్చే సైకిల్ కోసం ఈ పిల్లలు ఆగలేరు. చాలా ఇళ్లలో కార్డు మూలపడేది ఇక్కడే.

అపోహ: ఏడీహెచ్‌డీ సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో టైము ఎక్కువిస్తారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. ఆ చట్టంలోని వైకల్యానికి ధ్రువపత్రం ఉన్నవాళ్లకు సీబీఎస్ఈ 3 గంటల పేపరుకు 60 నిమిషాలు అదనంగా ఇస్తుంది. ఏడీహెచ్‌డీతో పాటు అభ్యసన వైకల్యమూ ఉందనిపిస్తే ఎనిమిదో తరగతిలోనే పరీక్ష చేయించండి, పదో తరగతి హాల్ టికెట్ దాకా ఆగకండి.

మందు జీవితాంతమా? ఏడాదికోసారైనా ఇంకా కావాలో లేదో డాక్టరుతో కలిసి చూడాలి. కొన్నాళ్లు ఆపి చూడాలనుకుంటే బడి తెరిచే జూన్‌లో వద్దు, పరీక్షల నెలలోనూ వద్దు. మామూలు బడి రోజులుండే నెల ఎంచుకుని, రోజువారీ కార్డును మాత్రం ఆపకండి.