లైను చివర కరెంటు

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా రెండు రకాల బోర్లు కనిపిస్తాయి. సబ్‌స్టేషన్‌కు దగ్గరున్న బోరు పైపు నిండా పోస్తుంది. లైను చివరి బోరు మాత్రం మూలుగుతూ కాసేపు నడిచి ఆగిపోతుంది, రైతు స్టార్టర్ డబ్బా దగ్గరే కూర్చుంటాడు. కాకతీయ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందీ అందనట్టే, లైను చివరికి వోల్టేజీ కూడా అంతే.

తీగ పొడుగయ్యేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే ఆ తీగలోనే కొంత వోల్టేజీ ఖర్చయిపోతుంది. వోల్టేజీ తగ్గింది కదా అని మోటారు పని తగ్గించుకోదు. అదే నీటిని లాగాలి కాబట్టి కరెంటు ఎక్కువ గుంజుకుంటుంది. 5 హెచ్‌పీ మోటారు మామూలుగా ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. అది 20 శాతం పెరిగితే వైండింగులో, అంటే మోటారు లోపలి తీగ చుట్టలో, పుట్టే వేడి 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. మోటార్లు కాలేది అందుకే. రివైండింగ్ షాపులకు ఎండాకాలం పండగ.

దేశంలో ఊళ్లన్నిటికీ కరెంటు చేరిందని కేంద్రం 2018 ఏప్రిల్ 28న ప్రకటించింది. బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లతోపాటు పదో వంతు ఇళ్లకు కరెంటు ఉంటే ఆ ఊరు లెక్కలోకి వచ్చేసినట్టే. ఆ తర్వాత ఇళ్ల కనెక్షన్లు బాగా పెరిగాయి, కాదనలేం. కానీ చివరి ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి ఎన్ని వోల్టులున్నాయన్నది ఆ లెక్కలో లేదు. ప్రపంచం మొత్తం మీద 2023 నాటికి అసలు కరెంటే లేనివాళ్లు 66 కోట్ల పైచిలుకు. వాళ్లలో నూటికి 85 మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాలవాళ్లు.

ఈ లైను చివరి లోటుకు సోలార్ ఎంతవరకు మందవుతుందో చూద్దాం. మన దగ్గర సోలార్ అనగానే రామగుండం గుర్తొస్తుంది. ఎన్టీపీసీ రిజర్వాయరు మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. 40 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 సోలార్ పలకలు. నీటి మీద పెట్టడంలో తెలివి ఉంది. 25 డిగ్రీలు దాటాక పలక వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు దాకా పోయినట్టే. కింద నీళ్లుంటే ఆ వేడి కొంత తగ్గుతుంది, ఆవిరయ్యే నీళ్లూ మిగులుతాయి. అయితే ఈ కరెంటు కూడా పక్కనున్న 2,600 మెగావాట్ల బొగ్గు కరెంటులాగే పెద్ద లైన్లెక్కి పోతుంది. చివరి బోరుకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ బోరుకు అక్కరకొచ్చేది చిన్న ప్లాంటు. రైతులకు సోలార్ కోసం కేంద్రం 2019లో మొదలుపెట్టిన కుసుమ్ పథకంలో ఒక భాగం ఇదే: పల్లె సబ్‌స్టేషన్ల దగ్గర్లో, రైతుల భూముల్లో, 2 మెగావాట్ల దాకా సోలార్. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది. ఆ ప్లాంటు లైను చివరి దిక్కున పడితే ఇంకా మేలు. దూరం నుంచి రావలసిన కరెంటు సగమైతే తీగలో నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. పైగా పొలానికి బ్యాటరీ అక్కర్లేదు. ఎండున్నప్పుడే నీళ్లు పెట్టుకుంటే మడే దాచిపెడుతుంది. ఇక పొలంలో విడిగా సోలార్ పంపు పెట్టుకుంటే బిల్లు ఉండదు, అర్ధరాత్రి బోరు దగ్గరికి పోయే పనీ ఉండదు. కానీ పొద్దంతా ఊరికే వచ్చే కరెంటుతో బోరు అడుగంటా తోడేస్తే ఆపేవాళ్లెవరు?

ఇంటి లెక్క వేరు, అక్కడ వెలుగు కావలసింది పొద్దుగూకాక. ఉట్నూరు వైపు అడవిలోపలి గూడెంలో ఒక ఇల్లు అనుకుందాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, నాలుగు గంటలు వెలిగితే 144 వాట్-గంటలు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, ఎనిమిది గంటలకు 600. కరెంటు తక్కువ తినే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానైతే 28 వాట్లు, 224తో సరి. అంటే ఫ్యాను మారిస్తే రోజు ఖర్చు 744 నుంచి 368కి దిగింది. 150 వాట్ల పలక మంచి ఎండలో 600 దాకా ఇస్తుంది, కాబట్టి మబ్బు రోజుకు కూడా కాస్త మిగులుంటుంది. నా మటుకు నేను పలక సైజు కంటే ముందు ఆ ఇంట్లో ఏ ఫ్యానుందో అడుగుతాను.

పలక 25 ఏళ్లు ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్లకే చేతులెత్తేస్తుంది, డిస్టిల్డ్ వాటర్ పోయకపోతే ఇంకా ముందే. సోలార్ వీధి దీపాలు స్తంభాలుగా మిగిలిపోయేది చాలాసార్లు ఇక్కడే. కెన్యాలో కంపెనీలు ఫోన్లో రోజువారీ చిన్న వాయిదాలు కట్టించుకుంటూ ఇళ్లకు సోలార్ అమ్మాయి. వాయిదా తప్పితే దీపం ఆగిపోతుంది. అది మన గూడేలకు పనికొస్తుందని నాకు నమ్మకం లేదు. మనకు దగ్గర్లో సిరిసిల్ల ఉంది. అక్కడ 1970 నుంచి వినియోగదారులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం కరెంటు పంచుతోంది, జనం సెస్ అంటారు. దాని పాలకవర్గాన్ని ఓట్లేసి ఎన్నుకునేది ఆ సభ్యులే. సెస్‌లో గొడవలు లేవని కాదు. కానీ ఫ్యూజు పోతే ఎవరిని నిలదీయాలో ఆ ఊళ్లకు తెలుసు. గూడెంలో బ్యాటరీ పోయిననాడు నిలదీయడానికి అలాంటి మనిషి ఒకరుండాలి, కొత్తది కొనడానికి నెలనెలా కూడబెట్టిన డబ్బూ ఉండాలి. టెండరు కాగితాల్లో పలకల సంఖ్య ఉంటుంది, ఈ రెండింటి ఊసు మాత్రం అరుదు.