ఆదివారం గొడవ వెనక ఆడజింక

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆదివారం వేటపై తరతరాలుగా ఉన్న నిషేధాన్ని తొలగించే చట్టంపై 2025 జులైలో గవర్నర్ జాష్ షపీరో సంతకం పెట్టారు. ఆ సీజన్‌లో 13 ఆదివారాలు వేటకు తెరుచుకున్నాయి. దాంతో పాత కక్షలన్నీ మళ్లీ రాజుకున్నాయి. వారంలో ఒక్కరోజైనా తుపాకీ మోత లేకుండా అడవిలో నడవనివ్వరా అన్నది ఒక వర్గం బాధ. జింకలే కనబడని అడవికి ఏ రోజు వెళ్తే ఏమిటన్నది పాత వేటగాళ్ల నిష్ఠూరం. అసలు కథంతా ఈ రెండో మాటలో ఉంది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి అక్కడ తెల్లతోక జింక దాదాపు కనుమరుగవడం, వేరే రాష్ట్రాల నుంచి తెచ్చి వదలడం అందరికీ తెలిసిన సంగతే. మనకు పనికొచ్చేది 1907 నాటి చట్టం. మంద పెరిగేదాకా ఆడజింకను కొట్టవద్దన్నారు. మంద పెరిగింది, 1920లలోనే ఆడజింకల వేటకు అనుమతులూ వచ్చాయి. కానీ అప్పటికే ఆ నియమం ఇంటి ఆచారంగా మారిపోయింది. ఆడజింకపై గురిపెట్టడం నామోషీ అయింది. కొమ్ము మొలిచిన మగజింక మాత్రం రెండో శీతాకాలం దాటేది కాదు. ఏటా వేటలో పడే మగజింకల్లో నూటికి 80కి పైగా ఏడాదిన్నర వయసువే.

అడవి సంగతి ఎవరికీ పట్టలేదు. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉండేది. లోపలికి వెళ్తే నేలమీద జింకలు ముట్టని ఫెర్న్ మొక్కలు తప్ప మరేమీ లేదు. ఓక్ మొలక చిగురేసిన పాపాన పోలేదు. కలప నరికిన చోట మళ్లీ చెట్టు లేవాలంటే ఎనిమిది అడుగుల తీగ కంచె కట్టాల్సిందే. ఆ ఖర్చు భూయజమానిది. జింక మాత్రం అందరిదీ.

1999లో రాష్ట్రంలో వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ తన జింకల విభాగాన్ని గ్యారీ ఆల్ట్‌కు అప్పగించింది. అంతకుముందు ఎలుగుబంట్లపై పరిశోధనతో జనంలో మంచి పేరున్న మనిషి. ఊరూరా తిరిగి సభలు పెట్టి, మీరు కాపాడుతున్న మంద అడవిని తినేస్తోందని వేటగాళ్ల ముఖం మీదే చెప్పాడు. బెదిరింపులు రావడంతో కొన్ని సభలకు తూటా దిగని కోటు తొడుక్కుని వెళ్లాడు. 2002లో ఆయన సంస్కరణలు అమల్లోకి వచ్చాయి. ఎక్కువ ప్రాంతాల్లో ఒకవైపు కొమ్ముకు కనీసం మూడు శాఖలు, పడమటి భాగంలో నాలుగు ఉంటేనే మగజింకను కొట్టాలి; ఆడజింకలను మాత్రం ధారాళంగా కొట్టవచ్చు. ఆ సీజన్‌లో పడిన జింకలు 5,17,529. వాటిలో 3,52,113 కొమ్ములు లేనివే, అంటే ఎక్కువగా ఆడజింకలు, పిల్లలు.

మూడేళ్లలో మొత్తం పడిన జింకల లెక్క అయిదు లక్షల పైనుంచి మూడున్నర లక్షలకు జారింది. వేటగాళ్ల సంఘమొకటి కోర్టుకెక్కింది. ఉత్తరాది కొండల్లోని ప్రభుత్వ అడవుల్లో వారి ఫిర్యాదులో కొంత నిజం ఉంది. అక్కడ రోజంతా కూర్చున్నా జింక కనబడని సందర్భాలు ఉన్నాయి. ఆల్ట్ 2004 చివర్లో ఉద్యోగం వదిలేశాడు. ఆయన పెట్టిన కొమ్ముల నియమం మాత్రం నిలిచింది. ఇప్పుడు పడే మగజింకల్లో ఎక్కువ భాగం రెండున్నర ఏళ్లు, ఆపైన వయసున్నవే.

అయితే నా దృష్టిలో అసలు మలుపు 2003. కొమ్ముల మీద రచ్చ జరుగుతుండగా, పెద్దగా ఎవరూ పట్టించుకోని మరో పథకం ఆ ఏడాది మొదలైంది. భూయజమాని దరఖాస్తు పెట్టుకుంటే సాగుభూమికి అయిదెకరాలకు ఒకటి, అడవికి యాభై ఎకరాలకు ఒకటి చొప్పున కూపన్లు ఇచ్చారు. వాటిని ఆయన అమ్ముకోకూడదు, తనకు నచ్చిన వేటగాళ్లకు ఇవ్వాలి. ఆ కూపన్‌తో వచ్చే అనుమతిపై కొట్టేది కొమ్ములు లేని జింకనే. తన నేలమీద మందను ఎంత తగ్గించాలన్నది మొదటిసారి కొంతవరకు యజమాని చేతికి వచ్చింది. వాయవ్యాన కింజువా ప్రాంతంలో కలప కంపెనీలు, బ్రాడ్‌ఫర్డ్ పట్టణ నీటి సరఫరా సంస్థ, జాతీయ అటవీశాఖ కలిసి దాదాపు 74,000 ఎకరాల్లో దీన్ని గట్టిగా వాడుకున్నాయి. జింకల సాంద్రత దాదాపు సగానికి తగ్గింది. మిగిలిన జింకల బరువు పెరిగింది. కంచె లేకుండానే మొక్కలు లేవడం మొదలైంది.

(జింకను కొడితే జైలుకు పోయే దేశంలో ఉన్న మనకు ఇదంతా విడ్డూరంగా తోచవచ్చు. తోడేళ్లను ఏనాడో తుడిచిపెట్టిన చోట ఆ పని వేటగాడే చేయాలి మరి.)

ఆ పని చేయడానికి రోజులు కావాలి. 1963 నుంచి నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం మొదలయ్యే తుపాకీ సీజన్‌ను 2019లో రెండు రోజులు ముందుకు, శనివారానికి జరిపారు. అదే ఏడాది మూడు ఆదివారాలకు దారి తెరిచిన చట్టం వచ్చింది. ప్రైవేటు భూమిలో ఆదివారం వేటాడాలంటే యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలని అందులో రాశారు, అక్రమ ప్రవేశంపై శిక్షనూ బిగించారు. ఏళ్ల తరబడి ఆదివారం వేటను వ్యతిరేకించిన రైతు సంఘం 2025 నాటికి మద్దతుకు దిగడానికి పంట నష్టంతో పాటు ఆ షరతు కూడా కారణమే. అనుమతి చీటీ ఇప్పుడూ తప్పనిసరి. ముందు ఒక ఆడజింకను కొట్టు, కొమ్ముల సంగతి తర్వాత చూద్దామని ఆ చీటీ ఇచ్చేటప్పుడు చెప్పే స్వేచ్ఛ యజమానికి ఉంది.