తెలిసిన ఇంగ్లిష్ మాటలే ఎందుకు తికమక పెడతాయి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ చెప్పేవాళ్ల దగ్గరికి ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, భయాలు మాత్రం పాతవే. బ్యాంకు పరీక్షలకీ డీఎస్సీకీ చదివే పిల్లలకు కొత్త మాట ఎదురైతే పెద్ద టెన్షన్ ఉండదు, తెలియదని వదిలేస్తారు. తెలిసిన మాటే అడ్డం తిరిగినప్పుడే అసలు చిక్కు. "అన్నీ తెలిసిన మాటలే సార్, వాక్యం మాత్రం అర్థం కావడం లేదు" అంటారు. దాని వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: పెద్ద పెద్ద మాటలు నేర్చుకుంటే ఇంగ్లిష్ వచ్చేసినట్టే.

పెద్ద మాటలు పాపం అమాయకమైనవి. ఫొటోసింథసిస్‌కు ఎక్కడ చూసినా ఒకటే అర్థం. తిప్పలు పెట్టేవన్నీ గెట్, టేక్, సెట్, రన్ లాంటి బుడ్డ మాటలే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 ముద్రణలో 'సెట్' అనే క్రియకే దాదాపు 430 అర్థాలున్నాయి. తర్వాత మొదలైన సవరణలో 'రన్' దాన్ని దాటేసింది. క్రియగా దానికి 645 అర్థాలు తేలాయి. ముక్కు కారినా రన్నే, హోటల్ నడిపినా రన్నే, ఎన్నికల్లో నిలబడినా రన్నే, ఉతికినప్పుడు చీర రంగు పోయినా రన్నే. ఎక్కువగా వాడే మాటకే ఎక్కువ అర్థాలు పుడతాయని జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లోనే లెక్కలతో చూపించాడు. మన పిల్లలేమో జీవితంలో ఒక్కసారి కూడా తగలని మాటలు రోజుకు ఇన్నని బట్టీ పడుతుంటారు.

అపోహ: ఈ అర్థాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు, బట్టీ కొట్టక తప్పదు.

కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

'ఛార్జ్' తీసుకోండి. కొండకు వెళ్లే బస్సు ఛార్జీ, ఫోన్‌కు పెట్టే ఛార్జింగ్, పోలీసుల ఛార్జ్‌షీట్, ఆఫీసులో ఇన్‌ఛార్జ్, రోడ్డు మీద లాఠీఛార్జ్. ఈ అయిదూ ఇంగ్లిష్ రానివాళ్ల నోట కూడా రోజూ వినబడేవే. లాటిన్‌లో బండిని 'కారస్' అనేవారు. ఆ బండికి సరుకు ఎత్తడం అనే అర్థంలోంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట ఈ ఛార్జ్. అంటే మూలంలో ఉన్నది బరువు. మనిషి మీద డబ్బు బరువు వేస్తే ఛార్జీ, బాధ్యత బరువు పెడితే ఇన్‌ఛార్జ్, నేరం మోపితే ఛార్జ్‌షీట్, బ్యాటరీలోకి విద్యుత్తు ఎక్కిస్తే ఛార్జింగ్. 'నేరం మోపడం' అన్నప్పుడు మనమూ మోపు అనే బరువు మాటే వాడుతున్నామని గమనించండి. లాఠీఛార్జ్‌లోని మీదపడి కొట్టడం కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే కాస్త దూరపు చుట్టం.

ఇప్పుడు 'కౌంటర్' చూడండి. తిరుమలలో లడ్డూ కౌంటర్ ఉంది, కోర్టులో ప్రభుత్వం వేసే కౌంటర్ ఉంది, ఒక నాయకుడు ఇంకో నాయకుడికి ఇచ్చే కౌంటరూ ఉంది. లడ్డూ కౌంటర్‌ది లెక్కపెట్టడం అనే మూలం, డబ్బులు లెక్కపెట్టే బల్ల అన్నమాట. మిగతా రెండింటిది 'ఎదురు' అనే అర్థమున్న 'కాంట్రా' మూలం. స్పెల్లింగ్ ఒకటే అయినా ఇవి వేర్వేరు ఇళ్లలో పుట్టిన మాటలు. ఇలాంటివాటికి చుట్టరికం వెతికి లాభం లేదు.

బ్రేక్ దర్శనంలోని బ్రేక్, ఘాట్ రోడ్డులో వేసే బ్రేక్ అయితే స్పెల్లింగ్‌లోనే వేరు. తెలుగులో ఒకేలా రాస్తాం కాబట్టి ఒకటే అనిపిస్తాయి, అంతే.

అపోహ: తెలుగు తేలిక, మాటకు ఒకటే అర్థం. ఇంగ్లిష్‌తోనే ఈ గోల.

టెంకాయ కొడతాం, హారన్ కొడతాం, ఈత కొడతాం, గుండు కొట్టించుకుంటాం, కేసు కొట్టేస్తారు, పర్సు కొట్టేస్తారు, కంపు కొడుతుంది. కోస్తా వాళ్లు అంగడిని కూడా కొట్టు అంటారు. ఇవన్నీ ఎవరూ మనకు జాబితా రాసిచ్చి నేర్పలేదు.

అపోహ: డిక్షనరీలో మొదట ఇచ్చిందే అసలు అర్థం.

అది ఏ డిక్షనరీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పైన చెప్పిన పెద్ద ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర క్రమం పాటిస్తారు, పాత అర్థం ముందొస్తుంది. అది ఇప్పుడు ఎవరూ వాడనిదైనా కావచ్చు. నేర్చుకునేవాళ్ల కోసం వేసే డిక్షనరీల్లో సాధారణంగా వాడుకలో ఎక్కువున్న అర్థం ముందుంటుంది. పిల్లలు కొనాల్సింది రెండో రకం. అందులోనైనా అర్థం చూసి మూసేయకుండా కింద ఇచ్చిన వాక్యం చదవాలి. మాటను దాని పక్కనున్న మాటలను బట్టే పోల్చుకోవాలని జె.ఆర్. ఫర్త్ అనే భాషావేత్త 1957లో రాశాడు. ఆయన అంతకుముందెప్పుడో లాహోర్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మనిషే.

'ఇష్యూ' పక్కన పాస్‌పోర్టు ఉంటే జారీ చేయడం, పత్రిక ఉంటే సంచిక, 'సాల్వ్' ఉంటే సమస్య. పాత ఆస్తి కాగితాల్లో ఫలానా ఆయన 'డైడ్ వితౌట్ ఇష్యూ' అని ఉంటుంది. దాన్ని ఏ గొడవా లేకుండా పోయాడని చదివితే వారసత్వం లెక్కే మారిపోతుంది. అక్కడ ఇష్యూ అంటే సంతానం.

అపోహ: ఒకే మాటకు ఎదురెదురు అర్థాలు ఉండవు.

భేషుగ్గా ఉంటాయి. లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరైందని స్వీట్లు పంచుతాం. అదే ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారంటే ఆంక్షలు, శిక్ష. 'టేబుల్' ఇంకా పెద్ద పేచీ. సమావేశంలో ఒక విషయాన్ని టేబుల్ చేద్దామంటే బ్రిటిష్ వాళ్లకు ఇప్పుడే చర్చకు పెడదామని, అమెరికన్లకు పక్కన పెట్టేద్దామని. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రెండు దేశాల అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేనని చర్చిల్ రాసుకున్నాడు.

అపోహ: మనం ఇక్కడ వాడే అర్థాలన్నీ తప్పులే.

తప్పులు కావు, మన ఊరి అర్థాలు. మనకు హోటల్ అంటే టిఫిన్ తినే చోటు, కరెంట్ అంటే ఇంట్లో వెలిగేది, కంపార్ట్‌మెంట్ అంటే రైలుది మాత్రమే కాదు, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోబెట్టే హాలు కూడా. ఇక్కడ మాట్లాడుకునేటప్పుడు మార్చుకోనక్కర్లేదు. బయటి దేశాలవాళ్లకు రాసేటప్పుడే చూసుకోవాలి. 2023లో 'పాస్డ్ అవుట్' అయ్యానని రెజ్యూమేలో రాస్తే మనకు చదువు పూర్తయినట్టు, వాళ్ల వాడుకలో అది ఎక్కువగా స్పృహ తప్పి పడిపోవడం. అక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అని రాయండి.